మధురవాణి ఎదుగుదలని 90 నిమిషాల్లో ఎలా చూపించాలి?

బొంకులదిబ్బ అడిగిన ప్రశ్న

విశాఖలో ‘కన్యాశుల్కం’ కుదించి ఆడబోతున్నాం. మాకిచ్చిన టైము 90 నిమిషాలు, ఇంటర్వెల్ లేదు, నటులు పదిమంది. గిరీశం, రామప్పంతులు బాగానే కుదిరారు. తేడా అంతా వేశ్య మధురవాణి దగ్గరే వస్తోంది. మొదటి అంకంలో సినిమా వ్యాంపులా ఉంటుంది, చివరి అంకానికి పురాణాల్లో పతివ్రతలా తేలుతుంది. మధ్యలో ఏం జరిగిందో చూసేవాళ్ళకి అందట్లేదు. రిహార్సల్ చూసిన నలుగురూ ఒకటే అడిగారు: ‘ఈవిడ ఎప్పుడు మారింది?’

ఆ వేషం వేస్తున్న అమ్మాయికి 22 ఏళ్ళు. గొంతు బావుంది, నాటకం అనుభవం తక్కువ. ఏ సీన్లు తీసేస్తే ఈ పాత్ర కూలిపోతుంది? శరీరంలో, మాటలో ఏం మార్చాలి? చివర్లో మధురవాణి వకీలు సౌజన్యారావుని ముద్దు అడిగే భాగం తీసేద్దామని మా వాళ్ళలో కొందరి పట్టు. తీసేస్తే ఏమైనా పోతుందా? పురుషవేషం మార్పుకి ఎంత టైము వదలాలో కూడా చెప్పండి.

తెర వెనక

‘ఎప్పుడు మారింది’ అని అడిగారంటే మీ తప్పు మొదటి సీన్లోనే జరిగిపోయింది. అక్కడ ఆవిడని చెడ్డదాన్ని చేశారు కాబట్టి చివర మంచిదాన్ని చెయ్యడానికి ఒక మలుపు కావలసి వచ్చింది. గురజాడ అలాంటి మలుపు రాయలేదు. మీరు ఎంత వెతికినా దొరకదు.

ఒక కాగితం తీసుకుని మూడు గళ్ళు గీయండి: ఎవరితో అబద్ధం ఆడింది, ఎందుకు ఆడింది, దాని వల్ల తనకి ఏం మిగిలింది. మధురవాణి ఉన్న ప్రతి సీనూ అందులో నింపండి. మొదటి అంకంలో ఇటు గిరీశంతో, అటు రామప్పంతులుతో అబద్ధం. కారణం ఇల్లు గడవడం. మిగిలేది ఇంకో పోషకుడు. రామచంద్రపురం అగ్రహారంలో రామప్పంతులుతోనూ, లుబ్ధావధాన్లుతోనూ అబద్ధం. కారణం, తను మొహం కూడా చూడని సుబ్బి అనే చిన్నపిల్ల. మిగిలేది ఏమీ లేదు, పైగా రిస్కు. విశాఖలో సౌజన్యారావు ఇంటికి మగవేషంలో, అంటే ఒంటి నిండా అబద్ధం తొడుక్కుని వస్తుంది. దాన్ని అక్కడే విప్పేస్తుంది. చేతిలోకి వచ్చినదాన్ని కూడా వదిలేస్తుంది. మూడో గడి చూస్తే ఎదుగుదల దానంతట అదే కనిపిస్తుంది. నటికి ‘ఇక్కడ నువ్వు మంచిదానివి అవుతావు’ అని చెప్పే కన్నా ‘ఈ సీన్లో నీకు ఏం మిగిలింది’ అని అడగండి. 22 ఏళ్ళ అమ్మాయికి రెండోది చేతికి అందుతుంది.

మొదటి అంకంలో చెయ్యవలసినది: నడుము తిప్పడం పూర్తిగా ఆపించండి. చేతికి పని ఇవ్వండి. తమలపాకులు ఓ పది, తడిగుడ్డ, సున్నం కాయ. ఆకు తుడవడం, ఈనె తియ్యడం, సున్నం రాయడం, చిలక చుట్టడం. రామప్పంతులు డబ్బు ఊసెత్తగానే సున్నం రాస్తున్న వేలు ఒక్క క్షణం ఆగాలి, మళ్ళీ కదలాలి. అంతే. మొహంలో ఏమీ వద్దు. మంచం కింద మగాళ్ళు, బయట చీపురుతో పూటకూళ్ళమ్మ. హాలంతా ఆ గోలకి నవ్వుతుంది. ఆ గోల మధ్యలో ఒక్క మనిషి నిమ్మళంగా ఆకు చుట్టుకుంటూ ఎవరి దగ్గర ఏముందో లెక్క వేసుకుంటోందని ప్రేక్షకుడి కంటి కొసకి తగలాలి. ఆ లెక్కల తెలివే తర్వాత సుబ్బి పెళ్ళి తప్పించడానికి పనికొస్తుంది. మనిషి అదే, తెలివీ అదే, ఖర్చు పెట్టే చోటు మారింది.

కరటకశాస్త్రి వచ్చి సాయం అడిగే సీను మీ నాటకానికి వెన్నెముక. దీన్ని మాత్రం కత్తిరించకండి. ఇద్దరూ కళాకారులు. ఆయన రాజుగారి నాటకాల్లో విదూషకుడు, పక్కనున్న శిష్యుడు మహేశం ఆడవేషాలు కట్టేవాడు. అగ్నిహోత్రావధాన్లు 1,800 రూపాయలకి కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెడుతున్నాడనీ, తన తోబుట్టువు వెంకమ్మ బావిలో దూకిందనీ శాస్త్రి చెప్తాడు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, వయొలిన్ పెట్టి మధురవాణి కళ్ళల్లో నీళ్ళు తెప్పించడం. వద్దు. మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టేంత మౌనం, తర్వాత వెంటనే పనిలోకి దిగిపోవాలి. మహేశానికి దొంగ పెళ్ళికూతురి వేషం ఎవరు కట్టాలి, పంతుల్ని ఎలా దువ్వాలి, మాట ఎక్కడ బయటపడే ప్రమాదం ఉంది. ఆవిడకి జాలి కన్నీళ్ళలా రాదు, పనిలా వస్తుంది.

మూడో స్తంభం కంటె. తన కంటె పెళ్ళికూతురి మెడలోకి పోతుంది, ఆ పెళ్ళికూతురు మాయమవుతుంది, ఇక కంటె తెస్తేనే గుమ్మం తొక్కమని రామప్పంతులుకి తేల్చి చెప్తుంది. కంటెని మొదటి సీను నుంచీ మెడలో ఉంచండి. ఇత్తడిది చేయించి బంగారు పూత వేయిస్తే చాలు. వన్‌గ్రాము గొలుసు పెట్టకండి. కంటె అంటే బిగుసుగా మెడ చుట్టూ నిలబడే కడ్డీ, దూరం నుంచి ఒక గీతలా మెరుస్తుంది. నాలుగైదు వరుసల అవతల గొలుసు కనిపించదు. సగం నాటకం మెడలో మెరిసిన గీత ఒక్కసారి పోతే ఆ లోటు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. పురుషవేషంలో ఎలాగూ మెడ బోసే.

టైము ఇలా పంచుకోవచ్చు: విజయనగరం సీను 16, కరటకశాస్త్రి సీను 18, కంటె గొడవ 14, గిరీశం–బుచ్చమ్మ (సుబ్బి అక్క, వితంతువు) 12, విశాఖలో సౌజన్యారావు ఇల్లు 22. మిగతా 8 నిమిషాలు మార్పులకీ, మధ్యలో కథ అందించే మాటలకీ. పేకాట సీను పోతుంది. నవ్వులు పోతాయని ఏడుపొస్తుంది, కానీ పోవలసిందే. బైరాగి, సారా దుకాణం కూడా అంతే.

పాత ప్రతి

పాఠం విషయంలో ఒక హెచ్చరిక. ‘కన్యాశుల్కం’ రెండు నాటకాలు. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయినది 5 అంకాలది. 1909లో గురజాడ తిరగరాసి వేసినది 7 అంకాలది. మధురవాణికి ఇప్పుడు మనం చూసే నిలువెత్తు రూపం రెండో దాన్లోనే వచ్చింది. చిన్నదిగా ఉంది కదా అని మొదటి కూర్పు పట్టుకుని, చివర మాత్రం రెండో దాన్లోంచి అతికించే బృందాలుంటాయి. అతుకు కనబడిపోతుంది. పూర్తిగా 1909 పాఠం మీదే ఉండండి, కోతలన్నీ అందులోనే వేసుకోండి.

హక్కుల గొడవ లేదు. గురజాడ పోయింది 1915లో. రచయిత తర్వాత 60 ఏళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయింది. అయితే ఇటీవలి ముద్రణల్లో సంపాదకులు రాసిన వివరణలు వేరే వాళ్ళవి. 1955 సినిమా కోసం మార్చిన మాటలు కూడా అంతే. స్క్రిప్టు టైపు చేసేవాళ్ళు సినిమా చూసి గుర్తున్న మాట రాసేస్తుంటారు. పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూడండి. మీ అమ్మాయిని కూడా ప్రదర్శన అయ్యేదాకా ఆ సినిమా చూడొద్దనండి. సావిత్రి వేసిన మధురవాణి ఒకసారి కంట్లో పడితే ఆ కనుబొమల విరుపు వదలదు.

భాష సంగతి. ఆవిడ మాట మనిషిని బట్టి మారుతుంది. గిరీశంతో ఎకసెక్కం, పంతులుతో బుజ్జగింపూ చురకా కలిసి, శాస్త్రితో తోటి కళాకారుల చనువు, సౌజన్యారావుతో ‘తమరు’ అనే మర్యాద. ఈ నాలుగు గొంతుల్నీ వేరువేరుగా సాధన చేయించండి. ఒక్కో దాంట్లోంచి మూడేసి వాక్యాలు తీసి, కలగలిపి చదివిస్తే చాలు, ఎక్కడ ఒకేలా పలుకుతోందో తెలిసిపోతుంది. టీవీ తెలుగులోకి మార్చకండి. అలాగని అసిరిగాడి యాస ఆవిడకి పెట్టకండి. అది ఊళ్ళో పనివాడి మాట, ఈవిడ విజయనగరంలో నలుగురు చదువుకున్నవాళ్ళ మధ్య మసలిన మనిషి.

ఇంకో సంగతి. 1897 ముద్రణకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో విశాఖపట్నం జిల్లా లెక్క ఒకటి ఉంది. మూడేళ్ళలో నమోదైన కన్యాశుల్కం పెళ్ళిళ్ళు, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్నవి, 1,034. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. కరటకశాస్త్రి సీను రిహార్సల్‌కి ముందు నటికి ఇది చదివి వినిపించండి. ఆ నాలుగు అంకెల మౌనంలో ఏం పెట్టుకోవాలో మరి వెతుక్కోనక్కర్లేదు.

లాసన్స్‌బే గాలి

‘ఎదుగుదల’ అన్న మాటతోనే నాకు పేచీ. చెడని వాళ్ళని చెడగొట్టకూడదని తల్లి చెప్పిందని మధురవాణే అంటుంది కదా. అంటే ఆ నీతి ఆవిడతో మొదటినుంచీ ఉంది. కొత్తగా నేర్చుకున్నది ఏముంది? చెడని మగాడు ఎదురుపడటం కొత్త, అంతే. ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా చెడిపోయి వచ్చినవాళ్ళే.

నన్నడిగితే చివరి అంకంలో ఎదిగేది సౌజన్యారావు. వేశ్యల పొడ గిట్టని ఆంటీ-నాచ్ మనిషి, అంటే భోగం మేళాలు మాన్పించాలనే పక్షం. పసిపిల్లల పెళ్ళిళ్ళంటే కరిగిపోతాడు, వితంతువుల కోసం పాటుపడతాడు, వేశ్య మాత్రం ఆయన దయ చుట్టుకొలతలోకి రాదు. ఆ ఖాళీ మధురవాణే చూపిస్తుంది. కాబట్టి ఆయన వేషం వేసేవాణ్ణి మెత్తగా మొదలెట్టనివ్వకండి. వచ్చినది వేశ్య అని తెలియగానే కుర్చీ వెనక్కి జరగాలి, చూపు కాగితాల మీదకి పోవాలి. సీను ముగిసేసరికి ఆవిడతో నిలబడి మాట్లాడాలి. ఆయన్ని దొంగ సంస్కర్తలా వెటకారం చేస్తే మాత్రం మొత్తం పాడు. అసలు మంచివాడైతేనే ఆవిడ ఆగడానికి అర్థం.

తెర వెనక

సగం ఒప్పుకుంటాను. కుర్చీ సంగతి బొంకులదిబ్బ గారు తప్పక వాడుకోండి. కానీ తల్లి చెప్పిన మాట అప్పటిదాకా ఆవిడకి ఖర్చు లేని నీతి. గిరీశాన్నీ పంతుల్నీ కొత్తగా చెడగొట్టేది ఏముంటుంది? మొదటిసారి ఆ మాట పాటిస్తే తనకి నష్టం వచ్చే చోటు సౌజన్యారావు ఇల్లే. కోరుకున్న మనిషి, ఒప్పుకున్న మనిషి, రెండు అడుగుల దూరంలో ఉన్నాడు. నీతి తెలిసి ఉండటానికీ, డబ్బులు కట్టి దాన్ని సొంతం చేసుకోవడానికీ తేడా లేదంటారా?

అందుకే ముద్దు తీసెయ్యకండి. అది తీసేస్తే ఆవిడ వదులుకున్నది ఏమీ ఉండదు, సాక్ష్యం చెప్పి వెళ్ళిపోయిన ఒక మనిషి మిగులుతుంది. మీ వాళ్ళ భయం జనం ఈలలు వేస్తారనే కదా. ఈలలు ఎందుకు పడతాయో చూడండి: లైట్లు తగ్గించడం, ఫ్లూటు పెట్టడం, ఇద్దర్నీ పక్కవాటుగా నిలబెట్టడం. ఈ మూడూ సినిమా సంకేతాలు. బదులుగా లైటు మొత్తం తెల్లగా ఉంచండి, సంగీతం వద్దు. ఇద్దరి మధ్య ఆరడుగులు. ఆవిడ కదలదు. ఆయన రెండంగల్లో వస్తాడు, రెండో అంగ మొదటి దానికన్నా నెమ్మది. రెండడుగుల దూరం ఉండగా ఆవిడ అరచెయ్యి లేస్తుంది, రొమ్ము ఎత్తుకి, అంతకన్నా పైకి కాదు. మొహం ప్రేక్షకుల వైపు ముప్పాతిక. ఆపిన తర్వాత తల్లి మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించకుండా మామూలుగా చెప్పించండి. వాక్యం చివర గొంతు జీరబోయిందా, మళ్ళీ పతివ్రత వచ్చేస్తుంది.

రంగు డబ్బా

పురుషవేషం గురించి. కంటె సీను తర్వాత గిరీశం–బుచ్చమ్మ 12 నిమిషాలు పెట్టారు కదా, ఆ వరస మార్చకండి. వేషం మార్పుకి 8 నిమిషాలు ఖాయంగా పడుతుంది. మిగతా నాలుగూ ఊపిరి తీసుకోవడానికి.

జడ వేసే ప్రసక్తి వద్దు. నాటకం మొదటినుంచీ కొప్పే, మెడ మీదకి కాస్త కిందుగా. మార్పులో పూలు తీసేసి, కొప్పుని చప్పిడిగా నొక్కి నెట్ వేసి, పైన తలపాగా. అప్పటికప్పుడు చుట్టకండి. నాలుగు గజాల పల్చటి నూలు గుడ్డని ముందే నటి తల కొలతకి చుట్టి, లోపల టోపీ గుడ్డకి కుట్టేయండి. పెట్టడానికి పది సెకన్లు, తియ్యడానికి ఒక చెయ్యి చాలు. తలపాగా తియ్యగానే జుట్టంతా జలపాతంలా జారాలని డైరెక్టర్లకి ఒక సరదా. అలా జారిందంటే చప్పట్లు పడతాయి, ఆ చప్పట్లలో తర్వాతి రెండు వాక్యాలు కొట్టుకుపోతాయి. కొప్పు కొప్పుగానే కనిపించనివ్వండి.

మీసం పెట్టొద్దు. విశాఖ ఉక్కపోతలో, లైట్ల కింద పై పెదవి మీద చెమట పట్టక మానదు. మీసం అంటించే స్పిరిట్ గమ్ అంచులు మొదట లేస్తాయి, మాట్లాడుతుంటే ఒక కొస ఊగుతుంది, ఆ ఊగుడుకి హాలు నవ్వుతుంది. పీకేటప్పుడు చర్మం లాగి కళ్ళల్లో నీళ్ళొస్తాయి, అవి భావోద్వేగం అనుకుంటారు. మీసం రాని కుర్రవాడిలా ఉంటే చాలు. కనుబొమలు బ్రౌన్ పెన్సిల్‌తో కాస్త దట్టం చేసి, కాటుకా పెదవుల రంగూ కొబ్బరినూనె దూదితో పూర్తిగా తుడిచెయ్యండి. ముక్కుపుడక మొదటినుంచీ నొక్కుడుది పెట్టుకోవాలి, లేకపోతే అక్కడ రెండు నిమిషాలు పోతాయి.

బట్టలు: లోపల వదులు బనీను, నడుము దగ్గర సన్నం కనబడకుండా చిన్న తువ్వాలు మడతపెట్టి చుట్టడం, పైన పొడుగు కోటు, పంచె. పంచెకి ఎలాస్టిక్ నడుం కుట్టించండి. కోటుకి బొత్తాలు పైకి కనపడేలా కుట్టి, లోపల ప్రెస్ బటన్లు వేయించండి. టేపుతో గుండె బిగించడం మాత్రం వద్దు, 22 నిమిషాల సీన్లో ఊపిరి అందదు.

కాలర్ మైకు కోటుకి రాసుకుని గరగరమంటుంది, తలపాగాలో దాస్తే తీసినప్పుడు వైరు బయటపడుతుంది. స్టేజి అంచున ఫ్లోర్ మైకులు మూడు పెట్టించుకోండి. సౌజన్యారావు బల్ల వాటికి దగ్గరగా ఉంటే చాలు.

నడక: మగనడక నేర్పించడానికి రోజులు తగలెయ్యకండి. ఆవిడ మగవాడు కాదు, మగవాడిలా నటిస్తున్న ఆరితేరిన కళాకారిణి. భుజాలు వెనక్కి, అంగలు కాస్త బార, చేతులు వెనక కట్టుకోవడం. అంతే.

బొంకులదిబ్బ

అందరికీ బోలెడు థాంక్సులు. మూడు గళ్ళ కాగితం ఈ సాయంత్రమే మొదలెడతాం. పాఠం 1909దే. ముద్దు ఉంటుంది, మా వాళ్ళని ఒప్పించే బాధ్యత నాది. ఒక్క అనుమానం. బుచ్చమ్మకి మిగిలింది 12 నిమిషాలే. ఆ అమ్మాయి లేచిపోవడం, చివర పూనా విడోస్ హోమ్‌కి, అంటే వితంతువుల శరణాలయానికి పంపడం, అన్నీ గాలిలో ఉన్నట్టున్నాయి. మధురవాణికీ బుచ్చమ్మకీ ముడి పెట్టొచ్చా?

పాత ప్రతి

కొత్త సీను కల్పించి ఇద్దర్నీ కలపకండి. ముడి గిరీశమే. మొదటి సీన్లో మధురవాణి ముందు వాడిన చేతి విసురే బుచ్చమ్మ ముందు కూడా వాడించండి, అచ్చంగా అదే. సంస్కరణ ఉపన్యాసం అదే ఊపులో సాగాలి. మొదటిదానికి మధురవాణి నవ్వుతుంది, రెండోదానికి బుచ్చమ్మ నమ్ముతుంది. సౌజన్యారావు ఇంట్లో గిరీశం గుట్టు మధురవాణి వల్ల బయటపడినప్పుడు, ఆవిడ రెండో ఆడపిల్లని కూడా ఒడ్డున పడేసిందని ప్రేక్షకుడు తనే కలుపుకుంటాడు. ‘డామిట్’ అని గిరీశం కథ అడ్డం తిరిగిందనేటప్పుడు ఆ చేతి విసురు సగంలో ఆగిపోవాలి.

తెర వెనక

ఒక వస్తువు మర్చిపోయాం: భగవద్గీత. సౌజన్యారావు ఆవిడకి ఇచ్చేది. కృష్ణార్జునుల రథం బొమ్మతో నిగనిగలాడే ఇప్పటి అట్ట పెట్టకండి. అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకం, ఎర్ర ఖాదీ గుడ్డ అట్ట, మూలలు కాస్త నలిగి ఉండాలి. సీను మొదటినుంచీ కేసు కాగితాల పక్కన బల్ల మీదే ఉండాలి. చివర్లో లోపలికి వెళ్ళి తెస్తే బహుమతి ప్రదానంలా ఉంటుంది. అందుకునేటప్పుడు కళ్ళకద్దుకుని మోకరిల్లడం, తంబురా శ్రుతి, ఏమీ వద్దు. అక్కడ కూడా ఆవిడ చమత్కారం మానదు, ఆ మాట నవ్వుతూనే అనాలి. తలపాగా ఒక చేతిలో ఉంటుంది కాబట్టి రెండో చేత్తో పుస్తకం తీసుకుంటుంది. ఒంటిచేత్తో తీసుకోవడం మర్యాద కాదని ఎవరైనా అంటే తలపాగా బల్ల మీద పెట్టించి రెండు చేతులా తీసుకోమనండి. అప్పుడు పుస్తకం ఉన్న చోటులో తలపాగా మిగులుతుంది. అది ఇంకా బావుంటుందేమో, రిహార్సల్లో రెండు విధాలా చేసి చూడండి.